దాక్కోవడానికి చోటులేని దేశం

పారిస్ ఒలింపిక్స్ ముగిసిన మర్నాడు పొద్దున్నే మా బాబాయ్ ఫోన్లో ఒక ఫార్వర్డ్ పడింది. ఇరవై లక్షల జనాభా ఉన్న స్లొవేనియాకి రెండు బంగారు పతకాలట, నూట నలభై కోట్లున్న మనకి ఒక్కటీ లేదట. కింద తల బాదుకునే బొమ్మలు ఓ అరడజను. అప్పటికి ఆయన మ్యూనిక్‌లో మా ఇంటికొచ్చి నెల దాటింది. తెనాలి పక్క ఊళ్ళో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మేష్టారుగా చేసి రిటైరైన మనిషి. ఇలాంటి లెక్కలు ఆయన్ని అందరికంటే కాస్త ఎక్కువే పొడుస్తాయి. ఫోను నా మొహం ముందు పెట్టి, "ఏరా, ఆ దేశంలో జనం మన పాత గుంటూరు జిల్లాలో సగం కూడా ఉండరు కదా, వాళ్ళకెట్లా వస్తున్నాయిరా?" అన్నాడు.

లెక్క సరిగ్గానే ఉంది. నా పేచీ అంతా ప్రశ్నతోనే. కాఫీ తాగుతూ చెబితే వినే రకం కాదు ఆయన. అందుకని ఆ శనివారం కారెక్కించి స్లొవేనియాలోని ప్లానిత్సా తీసుకెళ్ళాను. ఇక్కడ రాస్తున్నది సగం దారిపొడుగునా ఆయనతో వేసుకున్న వాదన, సగం ఆయన ఊరెళ్ళిపోయాక నాతో నేను వేసుకున్నది. వాదనంతా ఒక మనిషి చుట్టూ తిరిగింది. పేరు పేటర్ ప్రెవ్త్స్, స్కీ జంపర్. ఆ ఏడాది మార్చిలోనే ఆట మానేశాడు.

స్కీ జంపింగ్ మన టీవీల్లో వచ్చేది కాదు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పాలి. జారుడుబల్లలాంటి ఆ దారి చివర పైకి వంగి, మనిషిని ఆకాశంలోకి విసురుతుందని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. వంగదు. పది పదకొండు డిగ్రీలు కిందికే వాలి ఉంటుంది. పైకి లేవాలంటే మనిషే కాళ్ళతో తన్నుకుని లేవాలి, అదీ గంటకు వంద కిలోమీటర్ల వేగంలో, రెప్పపాటులో. ఆ తర్వాత స్కీలను వి ఆకారంలో విప్పి, వాటి మీద దాదాపు బోర్లా పడుకుని, గాలిని కిందనుంచి పట్టుకుని, కొండవాలు వెంట కిందికి పోతాడు. టీవీలో ఎంతో ఎత్తున ఎగురుతున్నట్టు కనిపిస్తాడు గానీ నిజానికి నేలకు కొద్ది మీటర్ల పైనే ఉంటాడు. నేల కూడా అతనితో పాటే కిందికి పోతూ ఉంటుంది, అంతే. దూరానికి మార్కులు వేరే, తీరుకు ఐదుగురు జడ్జీలు ఇచ్చే మార్కులు వేరే, గాలి కలిసొచ్చిందా ఎదురు తిరిగిందా అని చూసి తీసేవీ కలిపేవీ వేరే. దిగేటప్పుడు ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి, చేతులు చాచి దిగాలి. దాన్ని టెలిమార్క్ అంటారు. అన్నిటికంటే పెద్ద కొండల మీద ఆడేదాన్ని జంపింగ్ అనరు, ఫ్లయింగ్ అంటారు. అలాంటివి ఇప్పుడు ప్రపంచం మొత్తంలో వాడుకలో ఉన్నవి నాలుగు. అందులో ఒకటి ప్లానిత్సాలో ఉంది.

పేటర్ 1992లో పుట్టాడు. ఊరు దోలెన్యా వాస్, జెలెజ్నికి అనే చిన్న పట్నం పక్కన. ఆ పట్నం పేరే ఇనుము మీద వచ్చింది. ఒకప్పుడు అక్కడ ఇనుము కరిగించేవాళ్ళు, పాత కొలిమిని ఇంకా నిలబెట్టి ఉంచారు. తండ్రిది ఫర్నిచర్ వ్యాపారం, దాంతోపాటు ఈ ఆటలో అంతర్జాతీయ జడ్జి. ఐదుగురు పిల్లల్లో పేటరే పెద్దవాడు. తమ్ముళ్ళు త్సెనె, దోమెన్, చెల్లెలు నికా కూడా ఇదే ఆటలోకి వచ్చారు. అంటే ఇంట్లో భోజనాల దగ్గర టెలిమార్క్ గురించి మాట్లాడుకునే కుటుంబం.

"అదృష్టవంతుడు," అన్నాడు బాబాయ్. "మా బళ్ళో హైజంప్‌కి ఇసక అడిగితే మూడేళ్ళు పట్టింది."

నేను చెప్పాలనుకున్నది ఆయనే చెప్పేశాడు. ఆ ఫార్వర్డ్ మనుషుల్ని లెక్కపెడుతుంది. ఈ ఆటలో లెక్కపెట్టాల్సింది కొండల్ని. పైస్థాయిలో నిజంగా పోటీపడే దేశాలు వేళ్ళమీద తేలిపోతాయి: ఆస్ట్రియా, జర్మనీ, నార్వే, జపాన్, పోలండ్, స్లొవేనియా, ఒకప్పుడైతే ఫిన్లాండ్. ప్రపంచమంతా ఆడే ఆట అని చెప్పుకోవడం కొంచెం ఎక్కువే. ఈ గుంపులో స్లొవేనియా పేదచుట్టమేమీ కాదు, ఇంటి పెద్దల్లో ఒకటి. మనిషి మొదటిసారి నూరు మీటర్లు దాటింది ప్లానిత్సాలోనే. 1936లో యోసెఫ్ బ్రాడ్ల్ అనే ఆస్ట్రియా కుర్రాడు 101.5 మీటర్లు దూకాడు. రెండు వందలు దాటిందీ ఇక్కడే, 1994లో ఫిన్లాండ్‌కి చెందిన తోని నియెమినెన్, 203 మీటర్లు. ఇప్పటి ఫ్లయింగ్ కొండను 1969లో కట్టింది వ్లాదో, యానెజ్ గోరిషెక్ అనే అన్నదమ్ములు, అందుకే వాళ్ళ పేరే పెట్టారు. స్లొవేనియా అనే దేశం పుట్టింది 1991లో. కొండ దేశం కంటే పెద్దది. పేటర్ పుట్టేనాటికి అతనికి కావలసినవన్నీ ఇంటి చుట్టుపక్కలే ఉన్నాయి. ఇక ఇందులో అద్భుతం ఏముంది?

బాబాయ్ ఇక్కడిదాకా తొందరగానే ఒప్పుకున్నాడు. "మరైతే చిన్న దేశం అనే మాటకి అర్థమే లేదంటావా?" అన్నాడు.

ఉంది. ఆ చిన్నతనం పతకాల పట్టికలో కనబడదు. ఓడిపోయిన మర్నాడు పాల ప్యాకెట్ కోసం బయటికి వెళ్ళినప్పుడు కనబడుతుంది. నూట నలభై కోట్లలో ఫామ్ పోయిన క్రికెటర్ కనీసం ఒక ఊళ్ళోనైనా టోపీ పెట్టుకుని తిరగొచ్చు. ఇరవై లక్షల్లో ఎక్కడికి పోతాడు? పేటర్ ఆట చూడాలంటే అతను గెలిచిన ఏడాదిని వదిలేసి, గెలవని ఏళ్ళను చూడాలంటాను నేను. అందరూ రాసేది మాత్రం గెలిచిన ఏడాది గురించే.

ఆ ఏడాదికి ముందు జరిగిందొకటి చెప్పాలి, ఎందుకంటే నేను ఈ ఆటలో పడింది ఆ రోజే. 2015 మార్చి 22, ఆదివారం. నేను మ్యూనిక్ వచ్చి ఏడాది కాలేదు. నాతో పనిచేసే ఇద్దరు బవేరియా కుర్రాళ్ళు వాళ్ళ గదికి పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టారు. ఈ ఆటలో వరల్డ్ కప్ అంటే చలికాలమంతా వరసగా జరిగే పోటీలు. ఆ సీజన్ మొత్తం పాయింట్లలో వాళ్ళ జర్మనీ వాడు సెవెరిన్ ఫ్రాయెండ్ ముందున్నాడు, పేటర్ 44 పాయింట్లు వెనక. ఆఖరి పోటీ ప్లానిత్సాలో, పేటర్ సొంత జనం మధ్య. ఫ్రాయెండ్ ఏడో స్థానానికి జారిపోయాడు. పేటర్ అద్భుతంగా ఎగిరాడు. ఆ రోజు అతను మొదటివాడైతే టైటిల్ అతనిదే. కానీ అతని కంటే బాగా ఎగిరినవాడు ఒకడున్నాడు. యురీ తెపెష్. జర్మన్ కాదు, నార్వే వాడు కాదు, స్లొవేనియా వాడే, అతని జట్టులోవాడే. ఐదుగురు జడ్జీలూ ఇరవైకి ఇరవై వేసేలా దూకి గెలిచాడు. పేటర్ రెండోవాడు. సీజన్ మొత్తం పాయింట్లు ఇద్దరికీ 1729. సమానమైతే ఎక్కువ పోటీలు గెలిచినవాడిదే గాజు గోళం, అంటే సీజన్ విజేతకిచ్చే ట్రోఫీ. ఫ్రాయెండ్‌వి తొమ్మిది, పేటర్‌వి మూడు.

ఇంకో విషయం తర్వాత తెలిసి నేను కాసేపు నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఆ రోజుల్లో వరల్డ్ కప్ పోటీల్లో దూకేవాడికి పచ్చ దీపం వెలిగించే బాధ్యత మీరన్ తెపెష్‌ది. యురీకి తండ్రి. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో, స్లొవేనియా ఇంకా యుగోస్లావియాలో భాగంగా ఉన్నప్పుడు, ఆ యుగోస్లావియా జట్టుకు వెండి పతకం తెచ్చిన నలుగురిలో ఒకడు. అంటే ఒక దేశం మొత్తం పేటర్ గెలవాలని కొండ కింద నిలబడి ఉంటే, ఆ దేశం వాడే ఒకడు దీపం వెలిగించి కొడుకును వదిలాడు, ఆ కొడుకు జీవితంలో ఎప్పుడూ ఎగరనంత బాగా ఎగిరి పేటర్ చేతిలో గోళాన్ని తప్పించాడు. కొంచెం తగ్గి దూకుంటే ఏం పోయింది అని నేను ఆ రోజే అడిగాను. బవేరియా కుర్రాళ్ళు నన్ను అదోలా చూశారు. బాబాయ్‌కి చెప్పినప్పుడు ఆయన ఇంకోలా చూశాడు. "తగ్గి దూకితే ఆ పేటర్ దాన్ని తీసుకుంటాడంట్రా?" అన్నాడు. నాకు తట్టని మాట అది.

అంతకుముందే పేటర్ చిన్నవాడేం కాదు. పదిహేడేళ్ళకే వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానం. 2014 సోచీలో ఒక వెండి, ఒక కంచు. రెండుసార్లూ బంగారం పోలండ్‌కి చెందిన కమిల్ స్తోహ్ ఎగరేసుకుపోయాడు. 2015 ఫిబ్రవరి 14న నార్వేలోని వికెర్సుండ్‌లో 250 మీటర్లు దూకాడు, మానవజాతిలో అంతదూరం పోయిన మొదటివాడు. మర్నాడే నార్వే వాడు ఆందెర్స్ ఫానెమెల్ 251.5 దూకాడు. ప్రపంచ రికార్డు సరిగ్గా ఒక్క రోజు బతికింది. చూడండి, ఇతని ఖాతాలో "కొంచెంలో" అనే మాట ఎన్నిసార్లు పడుతుందో.

ఆ బాకీలన్నీ 2015-16 సీజన్ తీర్చేసింది. 15 విజయాలు, 22 సార్లు మొదటి ముగ్గురిలో, 2303 పాయింట్లు. ఒక సీజన్లో అప్పటిదాకా ఎవరూ అన్ని గెలవలేదు. కొత్త సంవత్సరం చుట్టూ జర్మనీ, ఆస్ట్రియాల్లో జరిగే నాలుగు కొండల టోర్నీలో నాలుగింట మూడు గెలిచాడు. ఫ్లయింగ్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. డిసెంబర్లో ఎంగెల్బెర్గ్‌లో అతను మొదటివాడు, పదహారేళ్ళ తమ్ముడు దోమెన్ రెండోవాడు. అన్నదమ్ములు అలా మొదటి రెండు మెట్ల మీద నిలబడటం వరల్డ్ కప్‌లో అదే మొదలు. ఇంకా చెప్పొచ్చు గానీ, అన్నీ గెలిచేవాడి కథ ఎంతసేపని వింటాం.

మరుసటి చలికాలం అదే మనిషి, అదే కొండలు, స్కీలు మాత్రం బాగా ముందే నేలకు దిగిపోతున్నాయి. సీజన్ మొదట్లో వరసగా గెలుస్తున్నది దోమెన్. ఈ ఆటలో ఫామ్ పోవడం ఎలా ఉంటుందో బయటివాడికి అర్థం కావడం కష్టం. బ్యాట్స్‌మన్‌కి ఇంకో బంతి ఉంటుంది. వీళ్ళకి వారాంతానికి అసలైన జంపులు నాలుగో ఐదో. బల్ల అంచున తన్నడం వెంట్రుకవాసి ముందో వెనకో అయితే చాలు, ఆ తర్వాత గాల్లో ఏం చేసినా దిద్దుకోలేరు. పైగా ఏం తప్పు జరుగుతోందో తెలుసుకోవాలని ఆలోచించిన కొద్దీ కాళ్ళు ఆలస్యం చేస్తాయి. 2017 ఫిబ్రవరిలో సప్పోరోలో పేటర్ ఒకటి గెలిచాడు, అదీ ఇంకొకడితో సమానంగా. తర్వాత చీలమండ చెడింది, ఆపరేషన్ అయింది. ఏళ్ళు గడిచాయి. గోళం అందుకున్నవాడు మొదటి ముప్పైలోకి రావడానికే తంటాలు పడ్డ రోజులున్నాయి.

ఇక్కడే స్లొవేనియాకున్న ఒక పాత జ్ఞాపకం పని చేస్తుంది. వాళ్ళు ఇది ముందే చూశారు. ప్రిమోజ్ పేతెర్కా పద్దెనిమిదేళ్ళకే గాజు గోళం గెలిచాడు, మరుసటి ఏడు 1998లో మళ్ళీ గెలిచాడు. కొత్త దేశానికి అతనే మొదటి పెద్ద హీరో. ఆ తర్వాత పడిపోయాడు, ఆ పడటమూ అందరి కళ్ళ ముందే. 2002లో జట్టుతో కలిసి ఒలింపిక్ కంచు దాకా లేచాడు గానీ పాత పేతెర్కా తిరిగి రాలేదు. రోక్ బెంకోవిచ్ 2005లో పద్దెనిమిదేళ్ళకు ప్రపంచ విజేత, రెండేళ్ళు తిరిగేసరికి ఆటకే సెలవు. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు. పందొమ్మిదేళ్ళ కుర్రాడి మీద ఒక దేశం ఎక్కి కూర్చుంటే నడుం వంగకుండా ఉంటుందా? నాకు నచ్చినవాడు ఇంకొకడున్నాడు, ఫ్రాంత్సీ పేతెక్. 1991లో యుగోస్లావియా తరఫున ప్రపంచ విజేత అయ్యాడు, నెలలు తిరక్కుండా ఆ దేశమే విడిపోయింది. తర్వాత ఈయన భూగోళశాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. దేశాల సరిహద్దులు ఎలా మారతాయో ఆయనకంటే ఎవరికి బాగా తెలుస్తుంది!

పేటర్ పారిపోలేదు, అలాగని సినిమాలో హీరోలా తిరిగి సింహాసనమూ ఎక్కలేదు. మూడోదొకటి చేశాడు. జట్టులో నలుగురిలో ఒకడిగా సర్దుకున్నాడు. ఇది నేను గొప్పగా చెబుతుంటే మా ఆఫీసులో ఒకాయన, "అంటే రాజీపడ్డాడన్నమాట," అన్నాడు. రాజీ అంటే రాజీయే. కానీ ఒకప్పుడు తన పోస్టర్లు గోడకంటించుకున్న కుర్రాళ్ళతో కలిసి బస్సెక్కి, వాళ్ళకంటే తక్కువ దూకి, వాళ్ళు గెలిస్తే పరుగెత్తుకెళ్ళి కావలించుకోవడం నాకైతే 15 విజయాలకంటే కష్టమనిపిస్తుంది. టీవీలో చూసినప్పుడల్లా నేను పేటర్ జంపు కంటే, జంపు అయ్యాక అతను స్కీలు భుజాన వేసుకుని కంచె పక్క ఎలా నిలబడ్డాడో చూసేవాణ్ణి.

2022 ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు కలిసి దూకే పోటీ మొదటిసారి పెట్టారు. స్లొవేనియా జట్టు నికా క్రిజ్నార్, తీమి జాయెత్స్, ఉర్షా బోగతాయ్, ఆఖర్న పేటర్. స్లొవేనియాకి 1001.5 పాయింట్లతో బంగారం. ఇక్కడ దాచకూడనిది ఒకటుంది. ఆ రోజు జపాన్, ఆస్ట్రియా, జర్మనీ, నార్వే జట్ల నుంచి ఐదుగురు మహిళలను సూట్లు కొలతకు మించి వదులుగా ఉన్నాయని తప్పించారు. దాంతో పోటీ కళ తప్పిన మాట నిజం. స్లొవేనియా నూరు పాయింట్లకు పైగా తేడాతో గెలిచింది కాబట్టి ఎలాగూ గెలిచేదే అని వాళ్ళంటారు, నేనూ అలాగే అనుకుంటాను. కానీ ఏడుస్తూ వెళ్ళిపోయిన ఆ అమ్మాయిల ముఖాలు గుర్తొస్తే అంత గట్టిగా అనలేను. వారం తిరిగేసరికి మగవాళ్ళ జట్టు పోటీలో వెండి. ఆ నలుగురిలో ఇద్దరు ప్రెవ్త్స్‌లు, పేటర్, త్సెనె. ప్రపంచాన్ని గెలిచిన రోజుల్లో దొరకని ఒలింపిక్ బంగారం, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఏళ్ళలో దొరికింది.

2024 మార్చిలో, పేటర్ ఈ సీజన్‌తో ఆపేస్తున్నాడని అందరికీ తెలిసే ప్లానిత్సాకి వచ్చారు. శుక్రవారం, 22వ తేదీన, ఏళ్ళ తరవాత ఒక వరల్డ్ కప్ పోటీ గెలిచాడు. అతనికది ఇరవై నాలుగో విజయం. గోళం చేజారిన అదే మార్చి 22, అదే కొండ. తొమ్మిదేళ్ళు. నేను మ్యూనిక్‌లో ఒక మీటింగ్‌లో ఉన్నాను, కెమెరా ఆపేసి ఫోన్లో చూస్తున్నాను. నా వంతు వచ్చి పేరు పిలిచినప్పుడు గొంతు పెగల్లేదు, నెట్ సరిగా లేదని అబద్ధమాడాను. ఆదివారం అతను ఆఖరి జంపు దూకాడు. ఆ ఏడాది మహిళల గాజు గోళం 2005లో పుట్టిన చెల్లెలు నికాది. ఏడాది తర్వాత అదే కొండ మీద దోమెన్ 254.5 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు ఇంటికి తెచ్చాడు. ఇప్పటి పిల్లలకు పేటర్ అంటే దోమెన్ వాళ్ళ అన్నయ్య.

ఇవన్నీ కారులో బాబాయ్‌కి చెప్పలేదు. సగం చెప్పేసరికే ప్లానిత్సా వచ్చేసింది. ఆగస్టు కదా, మంచు లేదు. ఫ్లయింగ్ కొండ పచ్చగడ్డితో గోడలా నిలబడి ఉంది. ఆయన చేయి అడ్డం పెట్టుకుని పైకి చూసి, "ఇక్కణ్ణుంచా!" అన్నాడు, అంతే. పక్కన మెట్లున్నాయి. మోకాళ్ళు బాగోకపోయినా వందో నూటయాభయ్యో ఎక్కి కూర్చున్నాడు. అక్కడ కూర్చుని ఆయన చూస్తున్నది పెద్ద కొండని కాదని నాకు కాసేపటికి గాని తెలియలేదు. అవతల పిల్లల కొండలున్నాయి. ఎండాకాలం వాటి మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ పోచలు పరిచి నీళ్ళు చల్లుతారు. స్కీలు జారుతుంటే తడి చాప మీద చీపురు లాగినట్టు చప్పుడొస్తుంది.

దిగి అక్కడికే వెళ్ళాం. అన్నిటికంటే చిన్న కొండ మా ఇంటి మిద్దె మెట్లంత ఉంటుందేమో. ఏడేళ్ళవాడొకడు, తలకంటే హెల్మెట్ పెద్దది, పైన అడ్డకర్ర మీద కూర్చున్నాడు. కింద కోచ్ జెండా ఊపింది. వాడు కదల్లేదు. మళ్ళీ ఊపింది. వాడు కర్రమీద పక్కకి జరిగి, స్కీలు తీసి భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. వెనకవాడు వచ్చి దూకాడు, ఆ వెనకమ్మాయి దూకింది. వాడు కంచె పక్క నిలబడి ముక్కు తుడుచుకుని, లైన్లో ఆఖర్న నిలబడ్డాడు. వంతు వచ్చింది. ఈసారి దూకాడు. ఎనిమిది మీటర్లు పోయాడేమో, దిగేటప్పుడు చేతులు చాచడం మాత్రం మర్చిపోలేదు.

బాబాయ్ జేబులోంచి చిన్న డైరీ తీశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, జేబులో డైరీ, దాని మెడకి పెన్సిలు. మూడైపోయింది, దారిలో ట్రాఫిక్ ఉంటుంది, పోదాం పద అన్నాను. వేలు చూపించి ఆగమన్నాడు. డైరీలో నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు గీతలు.

"వాడొక్కడే తొమ్మిదిసార్లురా," అన్నాడు. "గంట కూడా కాలేదు."

కుర్రాడు మళ్ళీ స్కీలు భుజాన వేసుకుని మెట్ల దగ్గరికి వెళ్తున్నాడు. బాబాయ్ పెన్సిలు నాలికకి తడిపి కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాడు.